మీరే మారారు

ఆ షాపులో కోటు బిగుతైతే తప్పు ఎప్పుడూ ఒంటిదే, కోటుది కాదు. కటింగ్ మాస్టరు చట్టం అది. చంక పట్టేసినా, భుజం జారినా, బొత్తాం కాజా దాకా రాకపోయినా ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకి వాల్చి, కత్తెర గాల్లో ఆడిస్తూ ఒకటే తీర్పు చెప్పేవాడు.

"కోటు సరిగ్గానే ఉంది. మీరే మారారు."

ఆ మాట విన్న మనిషి అద్దంలో తనని తానే అనుమానంగా చూసుకుని, ఇంటికి పోయి నాలుగు రోజులు అర్ధాకలితో పడుకుని, కోటుకి తగ్గట్టు తయారై వచ్చేవాడు. ఒకాయన ఎంత ప్రయత్నించినా సన్నబడలేక, చివరికి ఆ కోటు పట్టే అల్లుణ్ణి వెతికి తెచ్చుకున్నాడని చెప్పుకుంటారు.

టేపు మాత్రం ఆయన ముట్టేవాడు కాదు. మనిషిని ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి చూస్తే చాలు, సుద్దముక్క గుడ్డ మీద పరుగెత్తేది. బస్సు కిటికీలోంచి కనబడిన తలకాయ ఒక్కటే చూసి ఆ మనిషికి ప్యాంటు కోశాడనీ, అది వెంట్రుకవాసి తేడా లేకుండా పాదాల దాకా దిగిందనీ షాపులో కాజాలు కుట్టే ఆయన ఒట్టేసి చెప్తాడు. ఆ బస్సు ఎక్కడాగిందో, ప్యాంటు ఎవరు పట్టుకెళ్లి ఇచ్చారో మాత్రం అడక్కూడదు.

అలాంటి మాస్టరు ఎదుట, ఆ మంగళవారం పొద్దున, రైలాయన అద్దం ముందు నిలబడ్డాడు.

రైలాయన అంటే స్టేషను మాస్టరు. ఒకే గదిలో ఇద్దరు మాస్టర్లుంటే జెండా ఊపిందెవరో కత్తెర ఊపిందెవరో తేలదని షాపువాళ్లు ఆయన్ని అలా పిలిచేవారు. శనివారం ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. ఆ రోజుకి ఒక కోటు కావాలని, పోయిన అన్నగారు ఎప్పుడో కొని కుట్టించుకోకుండా పెట్టెలో వదిలేసిన గుడ్డ తెచ్చాడు. బూడిదరంగు మీద సన్నటి నీలం చారలు. ఆ నేత ఇప్పుడెక్కడా లేదు. కోటుకి బొటాబొటిగా సరిపోయే గుడ్డ, జేబురుమాలంత కూడా మిగలనిది.

కోటు తొడుక్కున్నాడు. కుడిచెయ్యి బుద్ధిగా మణికట్టు దాకా దిగింది. ఎడమచెయ్యి ఎముకకి పైనే ఆగిపోయింది. చొక్కా చెయ్యి కింద నుంచి రెండు వేళ్ల వెడల్పున తొంగిచూసింది.

మాస్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. తల వాల్చాడు.

"కోటు సరిగ్గానే ఉంది. మీరే మారారు."

రైలాయన తన ఎడమచేతిని ముందుకు చాపి, వెనక్కి లాక్కుని, మళ్లీ చాపాడు. "నాలుగు రోజుల్లోనా మాస్టరూ? అదీ ఒక్క చెయ్యేనా?" అన్నాడు మెల్లిగా. జీవితమంతా రైళ్లు ఆలస్యమైతే జనానికి క్షమాపణలు చెప్పిన గొంతు అది. ఎదుటివాడి తప్పుక్కూడా సిగ్గుపడటం ఆయనకి అలవాటు.

మామూలుగా అయితే అక్కడితో సరి. కానీ యజమాని గల్లాపెట్టె వెనకనుంచి లేచి వచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు, తండ్రి పోయాక షాపు చూసుకుంటున్నాడు. అతని మొట్టమొదటి నిక్కరు కోసింది మాస్టరే. ఆ కోతని శంకించడమంటే అతని దృష్టిలో తండ్రి ఫొటోని శంకించడమే. అందుకని కోటు చెయ్యి పట్టుకు చూసి, తిన్నగా కుట్టుమిషన్ల వైపు తిరిగాడు.

"సూదక్కా! కుట్టులో గుడ్డ తినేశావు కదూ?"

సూదక్క మిషను ఆపింది. నలభై ఏళ్లు దాటిన మనిషి. ఏ చీర కట్టుకున్నా మెడ దగ్గర ఓ సూది గుచ్చుకుని ఉండేది కాబట్టి ఆ పేరు. అసలు పేరు జీతం పుస్తకంలో ఉందో లేదో కూడా అనుమానమే. ఆవిడ లేచొచ్చి కోటు చెయ్యి చూసింది. తర్వాత మాస్టరుని చూసింది. నోరు తెరిచింది.

మాస్టరు జేబులోంచి సుద్దముక్క తీసి, దాని అంచు గోటితో గీకి పదునుపెట్టడం మొదలుపెట్టాడు. అప్పటికే అది కత్తిలా ఉంది.

సూదక్క నోరు మూసేసుకుంది.

"మాట్లాడవేం? ఈ గుడ్డ మళ్లీ దొరుకుతుందా? ఆయన అన్నగారి గుడ్డ అది! నీకెన్నిసార్లు చెప్పాలి, మాస్టరు గీసిన గీత మీద కుట్టమని?" యజమాని గొంతు లేచింది. లేచిన గొంతు దించుకోవడం చేతకాక, ఇంకో మెట్టెక్కాడు. "రేపట్నుంచి నువ్వు రావద్దు."

కాజాలాయన చేతిలో సూది ఆగింది. రైలాయన, "అయ్యయ్యో, అంత మాటెందుకండీ" అంటూ కోటు విప్పబోయి, తొందరలో ఎడమచెయ్యి లోపలే చిక్కుకుపోయి, ఒంటిరెక్క పిట్టలా నిలబడ్డాడు.

సూదక్క మెడ దగ్గర సూది తీసి, మిషను పక్కనున్న చిన్న దిండుకి గుచ్చింది. మిషను మీద గుడ్డ కప్పింది. పద్నాలుగేళ్లలో ఆ మెడ దగ్గర సూది లేకపోవడం అదే మొదలు. గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. యజమాని వైపు కాదు.

*

మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్లాక మాస్టరు ఆ కోటు బల్ల మీద పరిచాడు. సూదక్క తప్పు కళ్లారా చూసి మనసు కుదుటపరుచుకుందామని ఆయన ఉద్దేశం. పొద్దుట్నుంచి ఆ మనసు పళ్లల్లో ఇరుక్కున్న పీచులా సలుపుతూనే ఉంది.

"ఏం బావా, శవపరీక్షా?" అన్నాడు కాజాలాయన. ఏ చుట్టరికమూ లేకపోయినా వాళ్లిద్దరూ బావా అనే పిలుచుకునేవారు. అలా అయితే తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని.

"నీ కాజాలు నువ్వు చూసుకో. నిన్న కుట్టిన కాజాలో బొత్తామే కాదు, నీ బుర్ర కూడా దూరుతుంది."

చిన్న బ్లేడుతో ఎడమచేతి అంచు దగ్గర లోపలి అస్తరు కుట్టు ఒక్కొక్కటే తెంపాడు. మణికట్టు దగ్గర లోపలికి రెండంగుళాలు మడత ఉండాలి. ఆ మడతలోనే సూదక్క ఎక్కువ తినేసి ఉంటుంది. అస్తరు ఎత్తాడు.

మడత లేదు.

వేళ్లతో తడిమాడు. మడతకని ఆయన గీసిన సుద్దగీత గుడ్డ మధ్యలో తెల్లగా పడి ఉంది. దాని మీద ఒక్క కుట్టు కూడా లేదు. మడతకి వదలాల్సిన గుడ్డంతా సూదక్క కిందికి దింపేసింది. నూలుపోగు విడిపోయే ఆఖరి అంచున, లోపలి నుంచి అస్తరు పీలిక ఆసరా ఇచ్చి, చీమలబారులాంటి కుట్టు వేసింది. ఆవిడ తినలేదు. ఉన్నదంతా పెట్టేసింది. పెట్టగా పెట్టగా ఇంకా రెండు వేళ్లు తగ్గింది.

అంటే ఆయన కోత తగ్గించింది రెండు వేళ్లు కాదు. నాలుగు వేళ్లు పైచిలుకు.

ఆ అంచున, అస్తరు వెనక, ఎర్రదారంతో వేసిన చిన్న ముడి ఒకటి కనబడింది. ఆవగింజంత ముడి.

మాస్టరు తలెత్తాడు. గోడవారగా ఇనపకడ్డీకి కుట్టి పూర్తయిన బట్టలు వేలాడుతున్నాయి. లేచి వెళ్లి ఒక కోటు తీశాడు. ఎడమ చంక దగ్గర నాలుగు కుట్లు తెంపాడు. సుద్దగీత ఒకచోట, కుట్టు ఇంకోచోట, పక్కన ఎర్రముడి. ప్యాంటు తీశాడు. ఎడమ కాలు, ఎర్రముడి. ఇంకో కోటు. వీపు కుట్టుకి ఎడమ పక్క, ఎర్రముడి. ఒకదాని తర్వాత ఒకటి తీస్తుంటే ఆయన చేతులు గబగబా కాకుండా నెమ్మది నెమ్మదిగా పనిచేయడం మొదలుపెట్టాయి. తొందరగా చూస్తే నిజం తొందరగా ఖాయమైపోతుందన్నట్టు.

"బావా," అన్నాడు చివరికి. "ఈ ఎర్రముళ్లేంటి?"

కాజాలాయన సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "లోపల వదలడానికి ఇక గుడ్డ లేదని గుర్తు. ఎప్పుడైనా ఒళ్లు చేశాడని మనిషి తిరిగొస్తే, అక్కడ విప్పకండని. ఆవిడ పెట్టుకున్న గుర్తులే."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటావు? బావా, షాపు సరిగ్గానే ఉంది, నువ్వే మారావు అంటావు."

మాస్టరు బల్ల దగ్గరికొచ్చి చారల గుడ్డ ఎదురుగా పెట్టుకున్నాడు. ఎడమకన్ను చేత్తో మూశాడు. నీలం చారలు ఒక్కొక్కటీ రైలుపట్టాల్లా తిన్నగా కనబడ్డాయి. చెయ్యి మార్చి కుడికన్ను మూశాడు. చారలన్నీ ఎవరో పాలు పోసి కడిగేసినట్టు మాయమైపోయాయి.

*

ఆ సాయంత్రం ఇంటికెళ్లగానే భార్య కుట్టుడబ్బాలోంచి టేపు తీశాడు. పసుపు రంగుది, మొదటి అంగుళం అరిగిపోయింది. దానితో ముందు కిటికీ కొలిచాడు. తర్వాత కుర్చీ కొలిచాడు. ముందు కంటితో అనుకోవడం, తర్వాత టేపుతో చూడడం, ఆపైన ఇంకో వస్తువు వెతకడం. కొలవడానికి ఇంకేమీ దొరక్క, కూరగాయలు తరుగుతున్న భార్య నడుం చుట్టూ టేపు వేశాడు.

"ఇదేంటండీ! పెళ్లయిన ముప్పై ఆరేళ్లకి ఇప్పుడు కొలుస్తున్నారు? ఏం, సరుకు తేడా ఉందని వాపసు ఇచ్చేద్దామనా?"

"కదలకు. నా కంటికి ముప్పై మూడు." టేపుని కుడికంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "నలభై ఒకటి."

"అందుకే మీ కన్నంటే నాకంత ఇష్టం."

మాస్టరు నవ్వలేదు. ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి ఆయన మొహం చూసింది. చూసి, చేతులు తుడుచుకుని కూర్చుంది.

"తెలిసిందా?" అంది.

"నీకూ తెలుసా?"

"గుమ్మంలో మీ ఎడమ చెప్పు రోజూ మీ కాలి దగ్గరికి ఎలా వచ్చి నిలబడుతోందనుకున్నారు? కుక్కపిల్లనుకున్నారా? ఏడాదైంది నేను కాలితో జరుపుతూ. కంటాసుపత్రికి వెళ్దామంటే, నా కన్ను సరిగ్గానే ఉంది, వీధి దీపాలే మారాయి అన్నారు."

మాస్టరు టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. సూదక్క సంగతి చెప్పాడు. భార్య మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ అలా ఊరుకోవడం పెళ్లయ్యాక బహుశా అది రెండోసారి.

"సోమవారం ఆసుపత్రికి వెళ్దాం," అంది అంతా విన్నాక. "అది కన్ను. డాక్టరు చూసుకుంటాడు. రెండోదాన్ని మాత్రం మీరే చూసుకోవాలి."

*

బుధవారం పొద్దున ఆయన షాపుకి కాక సూదక్క ఇంటికి వెళ్లాడు. రెండు గదుల ఇల్లు. మొదటి గదిలో కిటికీ దగ్గర పాత కాలిమిషను, దాని మీద పక్కింటివాళ్ల తలగడ గలేబులు. ఆవిడ కుడుతూనే ఉంది. మెడ దగ్గర సూది లేదు.

"రండి మాస్టరూ. కూర్చోండి."

కూర్చున్నాడు. మిషను బెల్టు వదులైందన్నాడు. కిటికీ ఉత్తరం వైపు ఉండటం కుట్టుపనికి మంచిదన్నాడు. ఈ ఏడు ఎండలు పెందలాడే వచ్చాయన్నాడు. సూదక్క ఓ గలేబు పూర్తిచేసి, దారం పళ్లతో తెంపి, ఇంకోటి అందుకుంది.

"మాస్టరూ, తప్పు ఒప్పుకోవడానికొచ్చారా, నీళ్లు తాగడానికొచ్చారా?"

"నీళ్లకే," అన్నాడు మాస్టరు చప్పున.

ఆవిడ లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఆయన ఎడమపక్క స్టూలు మీద పెట్టింది. ఆయన చెయ్యి చాపాడు. గ్లాసుకి బెత్తెడు ఇవతల గాలిని పట్టుకున్నాడు. రెండోసారి వేళ్ల వెనకభాగం తగిలి గ్లాసు పడిపోయింది. నీళ్లు నేల మీద పాకి మిషను కాలిదాకా వెళ్లాయి.

ఇద్దరూ ఆ నీళ్ల వైపే చూశారు. తర్వాత సూదక్క గుడ్డతో తుడిచి, ఇంకో గ్లాసు తెచ్చి, ఈసారి కుడిపక్క పెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు మాస్టరు.

"బడి పంతులుగారి ప్యాంటుకి రెండూ కుడికాళ్లే కోశారు చూడండి, అప్పట్నుంచి. అది వేసుకుని ఆయన నడిస్తే తిన్నగా వెళ్లాల్సిన మనిషి గుండ్రంగా తిరిగి మళ్లీ బడికే వచ్చేసేవాడు. ఒక కాలు మొత్తం విప్పి తిరగేసి కుట్టాను."

"నాతో చెప్పాల్సింది."

"చెప్పాను. గుడ్డ సరిగ్గానే ఉంది, నువ్వే మారావు అన్నారు."

"నిన్న అందరి ముందూ చెప్పాల్సింది."

సూదక్క మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. "నిన్న చెప్పడానికే నోరు తెరిచాను. మీరు సుద్ద చెక్కుకుంటున్నారు. నేను చెప్తే ఆ చేతిలో మళ్లీ కత్తెర పెట్టరు. నాకేం, మిషను ఎక్కడుంటే అక్కడ కుడతాను. మీరెక్కడికి పోతారు?" గొంతులో జాలి ఏమీ లేదు, కోపమే ఉంది. "అలాగని క్షమించాననుకోకండి. నాకు ఒళ్లు మండిపోతోంది. ఏడాదిపాటు మీ వేళ్ల తేడాలన్నీ నా కుట్లలో దాచాను. ఒక్కరోజు, ఒక్కమాట, మీరు నాకోసం అనలేకపోయారు."

మాస్టరు గ్లాసు ఎత్తి నీళ్లన్నీ తాగాడు.

"యజమానితో మాట్లాడతాను. రేపొచ్చెయ్."

"యజమానితో చాటుగా మాట్లాడి తెస్తే రాను. నా పేరు షాపులో పోయింది మాస్టరూ. నా ఇంట్లో కూర్చుని ఎంత వెతికినా అది దొరకదు."

*

గురువారం పొద్దున మాస్టరు షాపుకి వచ్చేటప్పటికి మెడలో టేపు ఉంది. కాజాలాయన చూసి, కళ్లు నులుముకుని, మళ్లీ చూశాడు. పాము మెడకి చుట్టుకొచ్చినా అంత ఆశ్చర్యపోయి ఉండడు.

యజమాని లెక్కల్లో తల దూర్చి ఉన్నాడు. మాస్టరు ఎదురుగా నిలబడ్డాడు. "తప్పు," అన్నాడు.

"అవును మాస్టరు గారూ, తప్పే. పద్నాలుగేళ్ల మనిషి అలా చేస్తుందనుకోలేదు."

"అది కాదు. ఆ తప్పు..."

"మీరేం మనసులో పెట్టుకోకండి. కొత్త మనిషి కోసం చెప్పాను."

మాస్టరు వెనక్కి వచ్చేశాడు. తప్పు అన్న మాట ఆయన గొంతులోంచి సులువుగానే వచ్చింది. తర్వాత రావలసిన మాటే, నాది అన్నది, ఎన్నడూ వాడని ఇనపపెట్టె మూతలా బిగుసుకుపోయింది. గంటలో మూడుసార్లు లేచి వెళ్లాడు. మొదటిసారి కత్తెరకి సాన పెట్టించాలన్నాడు. రెండోసారి వాన వచ్చేలా ఉందన్నాడు. ఎండ ఫెళ్లున కాస్తోంది. మూడోసారి ఏమీ అనకుండా యజమాని బల్ల మీద దుమ్ము తుడిచి వచ్చాడు.

"బావా, ఇంకో రెండుసార్లు వెళ్లావంటే ఆయన నీకు సెలవిచ్చేస్తాడు," అన్నాడు కాజాలాయన.

అప్పుడు వచ్చాడు రైలాయన. జెండాలు చంకలో పెట్టుకుని, గుమ్మంలోనే ఆగాడు.

"కోటు సంగతి కాదండీ నేనొచ్చింది," అన్నాడు యజమానితో. "రెండు రోజుల్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆవిణ్ణి నిజంగానే తీసేశారా?"

"తీసేశానండీ. మీకు జరిగిన నష్టానికి..."

"వద్దండీ. నా కోటు కోసం ఒక మనిషిని తీసేయడమేంటి? ఆలోచిస్తే, మాస్టరుగారు చెప్పిందే నిజమేమో. ఎడమచేత్తోనే కదా ముప్పై రెండేళ్లు జెండా ఊపాను. ఊపి ఊపి చెయ్యే సాగిందేమో. శనివారం తర్వాత ఎలాగూ నేను రైళ్లు లేని మనిషిని. మారకుండా ఎలా ఉంటాను? తప్పు నాదేనని రాసుకోండి. ఆవిణ్ణి పిలిపించండి."

నిలువెత్తు మనిషి, ఏ పాపమూ ఎరగనివాడు, తనది కాని తప్పుని అంత తేలిగ్గా, చొక్కా తొడుక్కున్నట్టు తొడుక్కుంటున్నాడు. తన సొంత తప్పు తొడుక్కోవడానికి మాస్టరుకి రెండు రోజులుగా చెయ్యి దూరడం లేదు.

"లేదు," అన్నాడు మాస్టరు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన రెండడుగులు ముందుకి వేశాడు. ముందుకే.

"మీరు మారలేదండీ. కోటే తేడా. దాన్ని కోసింది నేను. తప్పు నాది."

అంతే. ఇల్లేమీ కూలలేదు. బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

మాస్టరు కోటు బల్ల మీద పరిచి, తెంపిన అస్తరు ఎత్తి యజమానికి సుద్దగీత చూపించాడు. కుట్టు చూపించాడు. ఎర్రముడి చూపించాడు. తర్వాత కడ్డీ మీది బట్టలు ఒక్కొక్కటే తెచ్చి, తిరగేసి, ప్రతి ఎర్రముడి మీదా వేలు పెట్టాడు. "ఇది నా తప్పు. ఇది నా తప్పు. ఇదీ నాదే." మొదటిసారికున్న వణుకు అయిదోసారికి లేదు. ఏడోసారికి కొంచెం ఊపు కూడా వచ్చింది. గొప్పలు చెప్పుకోవడం అలవాటైన గొంతు కదా, తప్పులు కూడా కాస్త దర్జాగానే చెప్పింది.

"చాల్లే బావా, మిగతావాళ్లకి కూడా కొన్ని వదులు," అన్నాడు కాజాలాయన. కానీ ఆయన కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

యజమాని చాలాసేపు ఆ ముళ్ల వైపే చూశాడు. ఆఖరికి, "మరి కటింగ్?" అన్నాడు. అతని మొహంలో షాపంతా ఒక్కసారి కదిలినట్టుంది. "మీరు కాకపోతే కటింగ్ ఎవరు చేస్తారు మాస్టరు గారూ?"

"ఏడాది నుంచి ఎవరు చేస్తున్నారో వాళ్లే. నేను గుడ్డని ముక్కలు చేస్తున్నాను. దాన్ని మనిషికి సరిపోయేలా చేస్తున్నది సూదక్క. నేను కొలతలు తీస్తాను, టేపుతో. కుట్టడం ఇంకా మర్చిపోలేదు, అదీ చేస్తాను." కాస్త ఆగి, "నా ఎడమకన్ను ఆనడం లేదు. అది బాగైనా సరే, ఈ టేపు తియ్యను," అన్నాడు.

యజమాని చెప్పులేసుకుని తనే సూదక్క ఇంటికి బయల్దేరాడు. వెనక రైలాయన కూడా వెళ్లాడు, ఒక్కడే వెళ్తే దారి తప్పుతాడేమోనని.

*

శుక్రవారం షాపు చూసిన వాళ్లకి గదిలో తూర్పూ పడమరా మారిపోయినట్టు అనిపించింది. కటింగ్ బల్ల దగ్గర సూదక్క. ఆవిడ స్టూలు మీద మాస్టరు. ఆ స్టూలు ఆయన అనుకున్నదానికన్నా పొట్టిది. అక్కడ కూర్చుంటే బల్ల దగ్గర నిలబడ్డ మనిషి గడ్డమూ, కత్తెర మొనా తప్ప ఏమీ కనబడవు. పద్నాలుగేళ్లు ఆవిడ చూసింది తన గడ్డమేనన్నమాట అనుకుని, గడ్డం తడుముకున్నాడు.

కోటు ఎలా నిలబెట్టాలో సూదక్కే చెప్పింది. "కాలరు కింద రెండో పొర కూడా ఇదే గుడ్డ. అది తీసి అస్తరు వేస్తే బయటికి కనబడదు. లోపలి జేబులవీ తీద్దాం. చేతులకి పట్టీలు వేద్దాం. రెంటికీ. ఒక్కదానికేస్తే అతుకు, రెంటికీ వేస్తే సొగసు."

మాస్టరు కొలతలు తీసి ఒక్కొక్కటే చదివాడు, టేపు కుడికంటికి ఆనించుకుని. సూదక్క గీసింది. కత్తెర చేతికి తీసుకున్నాక ఒక్క క్షణం ఆగింది. ఏడాదిగా లోపల లోపల దిద్దిన చెయ్యి, ఇప్పుడు అందరి ఎదుటా మొదటి కోత వేయాలి. మాస్టరు స్టూలు అంచుకి జరిగాడు. చెప్పాలనుకున్నవి పదిహేను మాటలున్నాయి. ఒక్కటీ చెప్పలేదు. ఆయన జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో అది రెండోది.

కర్ర్ మంటూ కత్తెర నడిచింది. చారలు అడ్డంగా వచ్చాయి. నిలువు చారల చేతికి చివర అడ్డచారల పట్టీ. అది అలాగే ఉండాలని ఎవరో ఎప్పుడో అనుకుని చేసినట్టుంది. మాస్టరు వంగి, మిషను మీద కుట్టు వేశాడు. రెండు చోట్ల వంకర పోయింది. విప్పి మళ్లీ వేశాడు. మూడోసారి సూదక్క చూసి తలాడించింది.

అస్తరు మూసేముందు, ఎర్రదారం తీసి, పట్టీ లోపల తనే ముడి వేశాడు.

*

శనివారం పొద్దున రైలాయన అద్దం ముందు నిలబడ్డాడు. ఎడమచెయ్యి చాపాడు. కుడిచెయ్యి చాపాడు. జెండా ఊపుతున్నట్టు ఒకసారి ఊపి చూశాడు. రెండు పట్టీలూ మణికట్టు మీద బుద్ధిగా కూర్చున్నాయి. అన్నగారి గుడ్డని భుజం దగ్గర అరచేత్తో రాసుకున్నాడు.

మాస్టరు అలవాటుగా రెండడుగులు వెనక్కి వేసి, తల వాల్చాడు. షాపంతా ఆయన నోటివైపే చూసింది.

"కోటు సరిగ్గానే ఉంది," అన్నాడు. అని, చప్పున నోరు మూసుకున్నాడు.

రైలాయన అద్దంలోంచే ఆయన వైపు చూసి నవ్వాడు. "అయితే మీరే మారారు మాస్టరూ."

కాజాలాయన నవ్వు వీధి మలుపు దాకా వినబడింది. రైలాయన ఆ కోటుతోనే తన ఆఖరి రైలు పంపడానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మామూలు పని. పంతులుగారి కొత్త ప్యాంటు గుడ్డ బల్లెక్కింది. సూదక్క ఇప్పుడు కాస్త ధైర్యంగా, కాస్త వేగంగా కోస్తోంది. రైలాయన కోటు తెచ్చిపెట్టిన మెప్పు ఇంకా ఆవిడ మొహం మీద ఉంది. కోసిన ముక్కలు స్టూలు మీదికి జారాయి. మాస్టరు ఒక్కొక్కటే తీసి టేపు పెట్టాడు. కుడికాలు సరే. ఎడమకాలు... టేపు కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. మళ్లీ పెట్టి చూశాడు.

వేలి వెడల్పున తక్కువ.

ఆయన చెయ్యి తనంతట తానే ఎర్రదారం ఉండ మీదికి వెళ్లింది. కాస్త మడత వదిలితే సరిపోతుంది. ఓ ముడి వేస్తే చాలు. ఎవరికీ తెలియదు. మొదటి వారమే, పాపం, అంతా ఇంత సంతోషంగా ఉంటే. దారం వేళ్ల మధ్య పట్టుకుని బల్ల వైపు చూశాడు. ఆవిడ గడ్డం, కత్తెర మొన.

దారం కింద పెట్టేశాడు.

"సూదక్కా."

"ఏంటి మాస్టరూ?"

"ఎడమకాలు వేలు తక్కువొచ్చింది."

కత్తెర ఆగింది. కాజాలాయన సూది ఆగింది. యజమాని తలెత్తాడు. సూదక్క మొహం జేవురించింది. రెండడుగులు వెనక్కి వేసింది. తల ఓ పక్కకి వాలింది.

"గుడ్డ సరిగ్గానే ఉంది మాస్టరూ, మీరే..."

తన గొంతు తనకే వినబడి ఆగిపోయింది. కత్తెర బల్ల మీద పెట్టింది. ముందు ఆవిడ పెదవి అదిరింది, తర్వాత భుజాలు. నవ్వు ఆపుకోలేక బల్ల అంచు పట్టుకుంది. మాస్టరు నవ్వలేదు. టేపు చాపి పట్టుకుని, ఓపిగ్గా కూర్చున్నాడు. అది ఎంత పొడుగు దారో ఆయనకి తెలుసు, మొన్ననే నడిచాడు.

సూదక్క కళ్లు తుడుచుకుని, సుద్దముక్క అందుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. ఆయన పక్కన నేల మీద గొంతుక్కూర్చుంది.

"ఏదీ, చూపించండి," అంది.

టేపు ఒక కొస ఆయన పట్టుకున్నాడు. రెండో కొస ఆవిడ పట్టుకుంది.